విషపుచేప - విందుభోజనము

జపాను దేశములో పూర్వము నుండి ఒక సామెత కలదు. "ఫుగు తినవలెనని యున్నది, ప్రాణము మీద తీపియు ఉన్నది" అని దాని తాత్పర్యము. ఫుగు అనునది ఒక చేప. దాని శరీరములో ఒక ఘోరమైన విషము కలదు. ఆ విషమునకు ఈనాటికిని విరుగుడు మందు లేదు. ఎంతసేపు ఉడికించినను అది నశింపదు. అయినను చలికాలము రాగానే జపాను నగరములలో జనులు ఫుగు భోజనశాలలకు పోయి, అధిక మూల్యము చెల్లించి, ఈ చేపను ఇష్టముతో తినుచున్నారు. తిని క్షేమముగా ఇండ్లకు చేరుచున్నారు.

ఇది ఎట్లు సాధ్యమగుచున్నది? వంటవాని హస్తవాసియా? తినువారి అదృష్టమా? రెండును కావు. విషము చేపలో ఏ భాగమున ఉన్నదో, ఏ జాతిలో ఎంత ఉన్నదో, అది మనిషిని ఎట్లు చంపునో మానవుడు క్రమముగా తెలిసికొనినాడు. తెలిసిన దానిని శాసనముగా కట్టుదిట్టము చేసినాడు. ఫుగు విందు వెనుక ఉన్న కథ ఇదియే.

ఉబ్బుచేపల వంశము

ఫుగు టెట్రాడాంటిడే అను కుటుంబమునకు చెందినది. గ్రీకు భాషలో "టెట్రా" అనగా నాలుగు, "ఓడస్" అనగా పన్ను. ఈ చేపల నోటిలో పండ్లన్నియు కలిసిపోయి, పైన రెండు, క్రింద రెండు పలకలుగా ఏర్పడియుండును. అందుచే నోరు చిలుకముక్కు వలె కనబడును. ఈ పలకలతో అవి గుల్లలను, పీతలను పగులగొట్టుకొని తినును. ఈ కుటుంబములో సుమారు 200 జాతులు కలవు.

శత్రువు ఎదురైనప్పుడు ఈ చేప గబగబ నీరు మ్రింగి బంతివలె ఉబ్బును. దాని జఠరము సంచివలె మిక్కిలి సాగును. ప్రక్కటెముకలు లేనందున ఉబ్బుటకు అడ్డు ఉండదు. ఈ గుణమును బట్టి మనము వీనిని ఉబ్బుచేపలు అందము.

జపానువారు తిను ఉబ్బుచేపలలో అధికభాగము టకిఫుగు అను ప్రజాతికి చెందినవి. వీనిలో శ్రేష్ఠమైనది "తొరఫుగు". జపాను భాషలో "తొర" అనగా పులి.

విషము ఎక్కడ ఉన్నది?

ఫుగు విషము పేరు టెట్రోడోటాక్సిన్. తహారా యోషిజుమి అను జపాను శాస్త్రజ్ఞుడు ఈ చేపల అండాశయముల నుండి విషసారమును తీసి, 1909లో దానికి ఈ పేరు పెట్టెను. అది చేప శరీరమంతటను సమానముగా వ్యాపించి యుండదు. తొరఫుగులో కాలేయము, అండాశయము అత్యంత విషపూరితములు. ప్రేగులును విషపూరితములే. మాంసము, చర్మము, మగచేప వృషణములు తినదగినవి. కావుననే ఒకే చేపను కోసిన పలకమీద అమృతమును హాలాహలమును ప్రక్కప్రక్కన ఉండును.

ఇంతటితో సమస్య తీరలేదు. తొరఫుగుకు వర్తించు నియమము వేరొక జాతికి వర్తింపదు. "మఫుగు" అను జాతిలో మాంసమును వృషణములును తినవచ్చును గాని చర్మము విషము. "కుసఫుగు" అను చిన్నజాతిలో మాంసము తప్ప మరేదియు తినరాదు. "దొకుసబఫుగు" అను జాతిలో మాంసమే విషము. చిక్కేమనగా, ఇది తినదగిన "షిరోసబఫుగు"ను మిక్కిలి పోలియుండును. ఇటీవలి సంవత్సరములలో జపాను సముద్రతీరమున రెండు జాతులు కలిసి పుట్టిన సంకరచేపలును వలలో పడుచున్నవి. వీనిలో విషము ఏ భాగమున ఉండునో ముందుగా చెప్పుటకు వీలులేదు గనుక, జాతి నిర్ణయము కాని చేపను పారవేయవలెనని నియమము.

విషపు బలమును కొలుచుటకు జపాను శాస్త్రజ్ఞులు ఒక ప్రమాణమును ఏర్పరచిరి. 20 గ్రాముల బరువుగల చుంచెలుకను 30 నిమిషములలో చంపగల విషము ఒక "చుంచెలుక ప్రమాణము". మనిషి ప్రాణము తీయుటకు సుమారు 10,000 ప్రమాణములు, అనగా సుమారు 2 మిల్లీగ్రాముల విషము చాలును. విద్యార్థులు ఇచ్చట ఒక చిన్న లెక్క చేయవచ్చును. ఒక కాలేయములో గ్రాముకు 1,000 ప్రమాణముల విషము ఉన్నచో, ప్రాణహాని కలిగించుటకు 10 గ్రాముల ముక్క చాలును. గ్రాముకు 10 ప్రమాణములు మాత్రమే ఉన్నచో, ఒక కిలోగ్రాము తిన్నగాని ఆ మోతాదు కాదు. ఒక పూటలో ఎవరును కిలోగ్రాము ఫుగు తినరు. కావున గ్రాముకు 10 ప్రమాణములకు లోపల ఉన్న భాగమును నిర్విషముగా పరిగణించుచున్నారు.

విషము ఎట్లు పనిచేయును?

1774లో కెప్టెన్ కుక్ తన రెండవ సముద్రయాత్రలో న్యూ కాలెడోనియా ద్వీపమున ఆగెను. అచ్చటివారు తెచ్చిన ఒక చేప కాలేయమును, గ్రుడ్లను కుక్, ఆయనతో ఉన్న ఫార్‌స్టర్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు, అతని కుమారుడు కొంచెము రుచి చూచిరి. తెల్లవారకముందే వారి కాలుసేతులు తిమ్మిరెక్కి స్వాధీనము తప్పెను. నీళ్లతో నిండిన పాత్రకును పక్షి ఈకకును బరువులో భేదము తెలియలేదని కుక్ తన దినచర్యలో వ్రాసికొనెను. ఆ చేప ప్రేగులు తిన్న పంది మరునాటికి చచ్చి పడియుండెను. అది ఉబ్బుచేప విషమేయని తరువాతివారు గుర్తించిరి.

కుక్ వ్రాసిన లక్షణములే ఈనాటి వైద్యులును చూచుచున్నారు. విషము తిన్న 20 నిమిషములు మొదలు 3 గంటలలోపల పెదవులు, నాలుక చిమచిమలాడును. తరువాత వ్రేళ్లు మొద్దుబారును. మాట తడబడును. కాలుసేతులు చచ్చుబడును. కడపట ఊపిరి పీల్చుటకు తోడ్పడు కండరములును ఆగిపోవును. ఈ విషము రక్తము నుండి మెదడులోనికి సులభముగా ప్రవేశింపదు గనుక, చాలమంది రోగులకు చివరివరకు తెలివి యుండును. చుట్టునున్నవారి మాటలు వినబడుచుండును గాని బదులు చెప్పుటకు శక్తి యుండదు.

దీనికి కారణము తెలియవలెనన్న నాడి పనిచేయు విధమును కొంచెము తెలిసికొనవలెను. నాడీతంతువు లోపలి భాగము బయటి భాగము కంటె సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ విద్యుత్పీడనములో ఉండును. బయట సోడియం అయానులు మెండు. చెరువు కట్టకు తూములు ఉన్నట్లు, నాడీతంతువు పొరకు సన్నని ద్వారములు కలవు. వార్త రాగానే తూము తెరచుకొనును. సోడియం అయానులు లోనికి దూకును. ఆ ప్రవాహము ప్రక్కతూమును తెరపించును. ఇట్లు ఒకదాని వెంట ఒకటి తెరచుకొనుచు పోవుటయే నాడీప్రేరణము. మనము చేయి ఎత్తుట, ఊపిరి పీల్చుట ఈ తూముల మీదనే ఆధారపడియున్నవి.

టెట్రోడోటాక్సిన్ అణువు ఈ తూము మూతిలో సరిగా బిగిసికొనును. తూము నోట రాయి పడినచో చెరువు నిండుగా ఉన్నను పొలమునకు నీరు అందనట్లే, బయట సోడియం ఎంత ఉన్నను లోనికి పోజాలదు. నాడి మూగవోవును. అయితే గుండె కండరములోని తూములు కొంత వేరువిధముగా నిర్మింపబడియున్నవి. వానిని ఈ విషము అంత సులభముగా మూయలేదు. రోగి ఊపిరి ఆగినను కొంతసేపు గుండె కొట్టుకొనుచుండుటకు ఇదియే కారణము. విరుగుడు లేకున్నను రోగిని బ్రతికించుటకు ఆధారము కూడ ఇదియే. వెంటనే యంత్రముతో కృత్రిమశ్వాస కల్పించినచో, దేహము క్రమముగా విషమును మూత్రము ద్వారా విసర్జించును. 24 గంటలు గడిచిన రోగి సాధారణముగా కోలుకొనును.

మరి చేప తన విషముతో తానే ఏల చావదు? ఫుగు సోడియం తూములలో విషము అంటుకొను చోట అమైనో ఆమ్లము మారియున్నది. తాళపుకప్ప మారినందున పాత తాళపుచెవి పట్టనట్లు, విషము అచ్చట నిలువజాలదు.

నిషేధము నుండి అనుమతి వరకు

జపానువారు ఫుగు తినుట నిన్న మొన్న మొదలైనది కాదు. వేల సంవత్సరముల నాటి జోమన్ యుగపు గుల్లల దిబ్బలలో ఫుగు ఎముకలు దొరికినవి. 1592లో తొయొతొమి హిదెయొషి కొరియాపై దండయాత్రకు సైన్యమును సమకూర్చినప్పుడు, పశ్చిమ తీరమునకు వచ్చిన సైనికులు ఫుగు తిని మరణించిరి. యుద్ధము చేయకముందే సేన తరిగిపోవుట చూచి ఆతడు ఫుగు తినరాదని ఆజ్ఞ చేసెనని ప్రసిద్ధి. తరువాతి తొకుగవ యుగములో కొన్ని సంస్థానములలో శిక్షలు మరింత కఠినమైనవి. 1882లో మెయిజీ ప్రభుత్వము కూడ ఫుగు తినువారికి శిక్ష నిర్ణయించెను. నిషేధములు ఎన్ని వచ్చినను జనులు చాటుగా తినుచునే యుండిరి. ఒసాకావారు ఈ చేపకు "తెప్పో" అని మారుపేరు పెట్టిరి. తెప్పో అనగా తుపాకి. తగిలినచో చావే యని అర్థము.

మార్పు షిమొనొసెకి పట్టణములో వచ్చినది. జపాను మొదటి ప్రధానమంత్రి ఇతొ హిరొబుమి ఒక తుపానునాడు అచ్చటి షుంపన్‌రో అను సత్రములో దిగెనట. ఆనాడు మంచి చేప దొరకలేదు. ఇంటి యజమానురాలు శిక్షకు సిద్ధపడి ఫుగు వండి వడ్డించెను. ఆయన దాని రుచికి సంతసించెననియు, ఆయన చొరవ వలననే 1888లో యమగుచి ప్రాంతమున నిషేధము తొలగెననియు చెప్పుదురు. మొదటి అనుమతి ఆ సత్రమునకే లభించినది.

నిషేధము తొలగినంత మాత్రమున ప్రమాదము తొలగలేదు. అనుభవమును శాసనముగా మార్చు పని ఒసాకాలో 1948లోను, తోక్యోలో 1949లోను మొదలైనది. ఫుగును కోయుటకు ప్రత్యేక అర్హత ఉండవలెనని ఈ నగరముల పాలకులు నిర్ణయించిరి. 1975లో ఒక విషాదము జరిగినది. కబుకి నాటకరంగమున ప్రఖ్యాతుడైన బందొ మిత్సుగొరొ (ఎనిమిదవవాడు) క్యోటోలో ఫుగు కాలేయమును కోరి కోరి పెక్కు వంతులు తిని మరణించెను. పూర్వము తిన్నప్పుడు ఏమియు కాలేదను ధైర్యమే అతని ప్రాణము తీసినది. 1983లో జపాను ఆరోగ్య మంత్రిత్వశాఖ ఏ జాతిలో ఏ భాగము తినవచ్చునో పట్టికగా ప్రకటించెను. ఇరువదికి పైగా జాతులు దానిలో చేరినవి. ఏ జాతి కాలేయమును అందులో చేరలేదు.

పరీక్షయు, పళ్లెమును

ఫుగు కోయు అర్హత కోరువాడు వ్రాతపరీక్షలో నెగ్గవలెను. ఎదుట ఉంచిన చేపలు ఏ యే జాతులవో గుర్తింపవలెను. తరువాత నిర్ణీతకాలములో ఒక చేపను కోసి, ఒక్కొక్క అవయవమును విడదీసి, దాని పేరు తెలిపి, తినదగినవి ఒక పళ్లెములోను, తినరానివి వేరొక పళ్లెములోను ఉంచవలెను. ఒక్క అవయవము తారుమారైనను ఉత్తీర్ణుడు కాడు. 2019లో ప్రభుత్వము ఈ అర్హతలకు దేశమంతటికిని ఉమ్మడి ప్రమాణములను ప్రకటించినది. తీసివేసిన విషభాగములను చెత్తకుండీలో వేయరాదు. తాళము వేసిన పాత్రలో ఉంచి, పిదప నాశనము చేయుదురు. కుక్కలు, పిల్లులు వానిని తినకుండుటకు ఈ జాగ్రత్త అవసరము.

ఫుగు వ్యాపారమునకు షిమొనొసెకి నేటికిని ముఖ్యకేంద్రము. అచ్చటివారు ఫుగు అనక "ఫుకు" అందురు. ఫుకు అనగా భాగ్యము. అచ్చటి హయెదొమరి అంగడిలో వేలము వింతగా జరుగును. వేలము వేయువాడు తన చేతికి సంచి తొడిగికొనును. కొనువారు ఒకరి తరువాత ఒకరు ఆ సంచిలో చేయి పెట్టి, అతని వ్రేళ్లను పట్టుకొని ధర సూచింతురు. ఎవరు ఎంత పాడినారో ప్రక్కవానికి తెలియదు.

విందులో మొదట వచ్చునది పచ్చిమాంసపు ముక్కలు. ఫుగు మాంసము గట్టిగా సాగునట్లుండును గనుక దళసరిగా కోసిన నమలుట కష్టము. అందుచే పళ్లెముపై బొమ్మ ముక్కలోనుండి కనబడునంత పలుచగా కోసి, చామంతిపువ్వు రేకులవలె పేర్చుదురు. పుల్లని నారింజజాతి పండ్లరసము కలిపిన సోయా ద్రవముతో తిందురు. తరువాత కూరగాయలతో కలిసి కుండలో ఉడుకు ముక్కలు, పిదప ఆ చారులోనే అన్నము వేసి కాచిన జావ వచ్చును. కాల్చిన రెక్కలను వేడి బియ్యపు మద్యములో వేసి త్రాగుటయు కలదు. నేర్పరియైన వంటవాడు పెదవులు చిమచిమలాడుటకు కొంచెము విషము వదలునని కొందరు చెప్పుకొందురు. నియమమును పాటించు వంటవాడు అట్టిపని చేయడు. పెదవులు తిమ్మిరెక్కుట రుచి కాదు, అపాయ సూచన.

ఇషికవ ప్రాంతమున మరింత ఆశ్చర్యకరమైన వంటకము కలదు. విషపూరితమైన అండాశయములను ఒక సంవత్సరమునకు పైగా ఉప్పులో ఊరవేసి, తరువాత మరి రెండేండ్లు తవుడులో మాగవేయుదురు. మన ఊరగాయ జాడీల వలె ఇవియు ఓపికతో చేయవలసినవి. కాలక్రమమున విషము తగ్గును. పరీక్షించిన పిమ్మటనే అమ్మకమునకు విడుతురు.

ఇంత జాగ్రత్త ఉన్నను ఏమరుపాటునకు తావు లేదు. 2018 జనవరిలో గమగొరి పట్టణమున ఒక దుకాణము కాలేయము తీయని ఫుగు పొట్లములను ఐదింటిని అమ్మినది. పొరపాటు తెలియగానే పట్టణాధికారులు అత్యవసర ధ్వనివర్ధకముల ద్వారా ఊరంతటికి హెచ్చరిక చేసిరి. ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. జపానులో ఇప్పటికిని ఏటేట కొన్ని పదులమంది ఫుగు విషమునకు గురియగుచున్నారు. మరణములు మాత్రము స్వల్పము. బాధితులలో అధికులు తామే పట్టి తామే ఇంటిలో వండుకొనినవారు.

విషము చేపదేనా?

ఒకే జాతి చేపలలో కొన్నిటికి విషము ఎక్కువగాను, కొన్నిటికి తక్కువగాను ఏల ఉన్నది? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలకాలము వేధించినది. గ్రుడ్డు నుండి పుట్టించి, విషములేని మేత పెట్టి పెంచిన ఫుగులలో విషము లేదని జపాను పరిశోధకులు కనుగొనిరి. అట్టి చేపలకు మేతలో విషము కలిపి పెట్టగా అది కాలేయములో చేరినది. కొన్ని సముద్రపు బాక్టీరియాలలోను, నక్షత్రచేపలలోను, నత్తలలోను ఇదే విషము కనబడినది. కావున సూక్ష్మజీవులలో పుట్టిన విషము ఆహారశృంఖలము ద్వారా పైకి ఎక్కి ఫుగులో కూడుచున్నదని తేలినది. ఆడచేప ఈ విషమును గ్రుడ్లలో ఉంచి సంతానమునకు రక్షణ కల్పించును. ఫుగు పిల్లను నోట కరచుకొన్న పెద్దచేప వెంటనే ఉమిసివేయును.

అట్లయిన పెంపకపు చేప కాలేయమును తినవచ్చునా? సాగ ప్రాంతమువారు అనుమతి కోరిరి. 2017లో జపాను ఆహారభద్రతా సంఘము, భద్రమని ధ్రువపరచుటకు ఆధారములు చాలవని తీర్పు చెప్పెను. వేల చేపలలో విషము కనబడకపోవుట, మరుసటి చేపలో ఉండదనుటకు ప్రమాణము కాదు. ఉపాధ్యాయులు తరగతిలో ఈ తర్కమును చర్చింప దగును.

ప్రయోగశాలలో విషము

ఫుగు విషము శాస్త్రమునకు చేసిన మేలు తక్కువ కాదు. 1964లో క్యోటోలో జరిగిన రసాయనశాస్త్ర సభలో జపాను, అమెరికా శాస్త్రజ్ఞులు వేర్వేరుగా కృషిచేసి ఒకే అణునిర్మాణమును ప్రకటించిరి. దాని సూత్రము కర్బనము 11, ఉదజని 17, నత్రజని 3, ఆమ్లజని 8 పరమాణువులు. కాలిఫోర్నియాలోని ఒక నీటిబల్లి గ్రుడ్లలోని విషమును ఇదియేయని అప్పుడే తెలిసినది. 1972లో కిషి యొషితొ బృందము దీనిని ప్రయోగశాలలో తయారు చేసెను.

1964లోనే నరహషి తొషియొ, ఆయన సహచరులు లాబ్‌స్టర్ అను పెద్దరొయ్య నాడీతంతువులపై ప్రయోగించి, ఈ విషము సోడియం ప్రవాహమును మాత్రమే ఆపుననియు, పొటాసియం ప్రవాహమును తాకదనియు నిరూపించిరి. అంతకు ముందు నాడిలో ఈ రెండు ప్రవాహములను విడదీసి చూచుట కష్టముగా ఉండెను. నాటి నుండి నాడీశాస్త్ర ప్రయోగశాలలలో ఇది నిత్యసాధనమైనది. విషము దేనిని పట్టుకొనునో అదియే సోడియం తూము గనుక, ఈ గుర్తుతో ఆ ప్రోటీనును వేరుచేయ గలిగిరి. 1984లో నుమ షొసకు బృందము విద్యుదీలు అను చేప నుండి దాని పూర్తి నిర్మాణక్రమమును తెలియజేసెను.

మన తీరమున

ఉబ్బుచేపలు జపాను సముద్రమునకే పరిమితములు కావు. బంగాళాఖాతములోను వీని జాతులు పెక్కు కలవు. మన తీరమున జాలరుల వలలలోను ఇవి పడుచుండును. 2008 ఏప్రిల్, జూను నెలల మధ్య బంగ్లాదేశములో మూడు చోట్ల ఉబ్బుచేపలు తిని 141 మంది విషబాధకు గురియైరి. వారిలో 17 మంది మరణించిరి. సముద్రమునకు దూరమున ఉన్న ఊళ్లలో అంగటికి వచ్చిన చేప ఏదో ఎరుగక కొని వండుకొనినవారు వీరిలో ఉన్నారు. వారి వద్ద జాతిని గుర్తించువాడు లేడు, అవయవములను వేరుచేయువాడు లేడు, పట్టిక లేదు, పరీక్ష లేదు. విషము రెండు దేశములలోను ఒకటే.

కావున తీరగ్రామముల పాఠశాలలలో ఉపాధ్యాయులు ఈ చేపను పిల్లలకు తప్పక గుర్తు చెప్పవలెను. చిలుకముక్కు వంటి నోరు, మామూలు పొలుసులు లేని చర్మము, బయటికి తీయగానే ఉబ్బు పొట్ట దాని గుర్తులు. ఇది ఉడికించినను, వేయించినను, ఎండబెట్టినను తినదగినది కాదు. ఎవరైన తెలియక తిని పెదవులు తిమ్మిరెక్కినవని చెప్పినచో, నాటుమందులతో కాలము గడపక, కృత్రిమశ్వాస కల్పింపగల ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను. మొదటి కొన్ని గంటలే రోగి ప్రాణమును నిర్ణయించును.